నగరంలో బండతొండకు భయం తగ్గిందా? కొలిచే ముందు చూసుకోవాల్సినవి

ప్రశ్న: బెంగళూరులో ఎమ్మెస్సీ జువాలజీ చివరి ఏడాది చదువుతున్నాను. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మూడు నెలల్లో ప్రాజెక్టు పూర్తి చేయాలి. ఊళ్లో ఉండే బండతొండలకు మనుషులంటే భయం తగ్గిందా అని చూడాలని ఉంది. మా గైడుగారేమో ఓ ఇరవై తొండల్ని పట్టి పొడవు, బరువు, రంగు కొలవమంటున్నారు. సిటీకి మా లేఅవుట్ పక్క ఖాళీ సైట్లు, పల్లెకు నంది కొండలు అనుకున్నాను. ఎలా మొదలుపెట్టాలి? ఏమేం కొనాలి?

జవాబు:

ముందుగా మూడు మార్పులు. తొండల్ని పట్టే ఆలోచన మానుకోండి. రంగుల సంగతి ఈసారికి వదిలేయండి. నంది కొండల్ని పోలికకు వాడకండి. మిగిలిన ప్రశ్న బాగుంది, మూడు నెలల్లో అయ్యేదే.

పట్టొద్దు అనడానికి కారణం కాగితాలు. అడవి జంతువును పట్టాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి, దాని మీద ప్రయోగం చేయాలంటే కళాశాలలో జంతు నైతిక కమిటీ ఆమోదం కావాలి. ఇవి రావడానికి నెలలు పడుతుంది, మీ గడువు అంతలోనే అయిపోతుంది. కాగితాలు వచ్చినా మీ ప్రశ్నకు పట్టడం అడ్డమే. ఒకసారి చేతికి చిక్కిన తొండ మర్నాడు మిమ్మల్ని చూసి పారిపోతే అది మామూలు భయం కాదు, మీరు నేర్పిన భయం. ఒత్తిడి హార్మోను కొలిచేవాళ్లు కూడా పట్టిన మూడు నిమిషాల్లోపే రక్తం తీసుకోవాలని చూస్తారు. ఆ తర్వాత వచ్చే అంకె పట్టుకోవడం వల్ల పెరిగినదై ఉంటుంది.

రంగు వద్దన్నది సీజన్ వల్ల. బండతొండ మగవి ముస్తాబయ్యేది జత కట్టే కాలంలో, అంటే సుమారు ఏప్రిల్, మే నుంచి వానలు ముగిసేదాకా. ఫిబ్రవరిలో చాలా మగవి ఆడవాటిలాగే మట్టిరంగులో ఉంటాయి. పైగా ఆ రంగు స్థిరమైనది కాదు. బెంగళూరు ఐఐఎస్సీలో (భారతీయ విజ్ఞాన సంస్థ) అనురాధ బతబ్యాల్, మారియా ఠాకర్ 2017లో ప్రచురించిన పరిశోధన ప్రకారం మగతొండ ఆడదాని ముందు వీపు ఎరుపు, పక్కలు నలుపు చేసుకుంటుంది. ఇంకో మగది ఎదురైతే వీపు పసుపు, పక్కలు నారింజ. ఆడదాని ముందు రంగుల తేడా కొట్టొచ్చినట్టు ఉంటుంది, పోటీలో మార్పు వేగంగా జరుగుతుంది. క్షణాల్లో మారే రంగును సంచీలో వేసి గదికి తెచ్చి కొలిస్తే అందులో మిగిలేది భయం రంగే. ఫోనుతో ఫొటో తీద్దామన్నా, తెలుపు సమతుల్యాన్ని (వైట్ బ్యాలెన్స్) ఫోను తనంతట తానే సర్దేస్తుంది. ఒకే తొండ నీడలో ఒకలా, ఎండలో ఇంకోలా వస్తుంది. బూడిదరంగు కార్డు పక్కన పెట్టి, ఎక్స్‌పోజర్ చేత్తో బిగించి, రా ఫార్మాట్‌లో తీసినా అతినీలలోహిత కాంతి కెమెరాకు అందదు. బల్లి జాతుల్లో చాలావాటికి అది కనిపిస్తుంది. కాంతిని విడదీసి కొలిచే స్పెక్ట్రోమీటరు లేకుండా ఆ పని పెట్టుకోకండి.

నంది కొండల శిఖరం 1,478 మీటర్లు. బెంగళూరు దాదాపు 920. ఆ తేడాకే గాలి మూడున్నర డిగ్రీల దాకా చల్లబడుతుంది. తొండ ఒంటి వేడి బయటి వేడిని బట్టే నడుస్తుంది. చల్లగా ఉన్న తొండ వేగంగా పరిగెత్తలేదు కాబట్టి ఎప్పుడు పారిపోవాలన్న దాని లెక్కే మారుతుంది. రేపు తేడా వస్తే అది నగరం తెచ్చిందో, ఎత్తు తెచ్చిందో మీరు చెప్పలేరు. ఆదివారం జనం ఎంత ఉంటారో తెలిసినవాళ్లెవరూ దాన్ని 'మనుషులు లేని చోటు' అనరు కూడా. రామనగర బండలకు ఎత్తులో అంత తేడా లేదు, కానీ రామదేవర బెట్ట రాబందుల అభయారణ్యం, అక్కడ పరిశోధనకు అనుమతి తప్పనిసరి. కనకపుర, మాగడి దారుల్లో పల్లెల పక్కన, చెరువుగట్ల దగ్గర రెవెన్యూ భూమిలో చిన్న చిన్న బండగుట్టలు దండిగా ఉన్నాయి. పంచాయతీలో ఒక మాట చెప్పి అవి వాడుకోండి.

ముందు సరైన తొండను గుర్తుపట్టండి

'తొండ ముదిరి ఊసరవెల్లి అయింది' అంటాం గానీ, ఊసరవెల్లి వేరే కుటుంబం. మన దేశంలో దాని జాతి ఒక్కటే. మీకు కావలసిన బండతొండ సామోఫిలస్ డార్సాలిస్. లేఅవుట్లలో దీని పక్కనే తోటల్లో తిరిగే మామూలు తొండ, కెలోటిస్ వెర్సికలర్, కూడా కంచె మీదో గోడ మీదో కూర్చుని ఉంటుంది. కెలోటిస్‌కు మెడ నుంచి వీపు మీదుగా రంపపు పళ్ల వంటి ముళ్లుంటాయి, ఒళ్లు పక్కలనుంచి నొక్కినట్టు నిలువుగా ఉంటుంది. బండతొండ ఒళ్లు పైనుంచి అణిచినట్టు చదునుగా ఉండి బండకు అతుక్కుపోతుంది, వీపు మీద ఆ రంపం ఉండదు. బైనాక్యులర్‌లో ఇది తేల్చుకున్నాకే అడుగు వేయండి. సందేహం ఉన్నది లెక్కలోకి వద్దు.

ఆడ, మగ తేల్చడంలోనూ మొండిపట్టు వద్దు. ఫిబ్రవరి, మార్చిలో 'రంగు తేలిన పెద్ద మగ', 'మిగతావి' అని రెండే వర్గాలు పెట్టుకోండి. రంగు లేనివన్నీ ఆడవే అని రాస్తే చిన్న మగవన్నీ అందులో కలిసిపోతాయి.

కొలిచేది ఏమిటి

మీరు నడిచి వెళ్తుంటే తొండ ఎంత దూరంలో పరుగు అందుకుంటుందో అదే పలాయన దూరం. దీని వెనక సూత్రం యిడెన్‌బర్గ్, డిల్ 1986లో రాసింది. శత్రువు కనబడగానే జంతువు పారిపోదు. ఉన్నచోటు వదిలితే పోయేది (ఎండ, తిండి, ఆడది, హద్దు), ఉండిపోతే వచ్చే ముప్పు, ఈ రెంటినీ తూచి, ముప్పు బరువెక్కినప్పుడు కదులుతుంది. అంటే మీకొచ్చే అంకెలో తొండ ధైర్యం ఒక్కటే ఉండదు. బండ ఉంటుంది, ఎండ ఉంటుంది, మీ నడక ఉంటుంది. వాటిని విడదీయకపోతే 'నగర తొండకు భయం తక్కువ' అన్న వాక్యం గాల్లో తేలుతుంది.

పద్ధతి ఇది. ఎనిమిది రెట్లు, 42 మిల్లీమీటర్ల బైనాక్యులర్‌తో 20 మీటర్ల అవతలినుంచే తొండను వెతకండి. కనబడగానే ఆగి, అది నింపాదిగా ఉందో లేదో చూడండి. తలెత్తి మిమ్మల్నే చూస్తుంటే వదిలేసి ఇంకోదాన్ని వెతకండి. గుప్పెడు ఇసుక పోసి కట్టిన రంగు గుడ్డ మూటలు నాలుగు దగ్గర పెట్టుకోండి. రాయి పడేస్తే చప్పుడవుతుంది, మూట అవదు. మొదలుపెట్టిన చోట ఒకటి వదలండి. సెకనుకు అర మీటరు వేగంతో, నేరుగా దాని వైపే నడవండి. ఫోనులో మెట్రోనోమ్ నిమిషానికి 60 దగ్గర పెట్టుకుని, ఒక్కో చప్పుడుకు అర మీటరు అడుగు. ఇది ఇంటి దగ్గర చదును నేల మీద టేపు పరిచి రెండు రోజులు సాధన చేయాలి, లేకపోతే బండ మీద అడుగులు ఇష్టమొచ్చినట్టు పడతాయి. తొండ తల ఎత్తినా, దండీలు తీసినా రెండో మూట. పరుగు అందుకున్న క్షణం మూడోది. అది కూర్చున్న చోట నాలుగోది. ఆగకుండా నడుస్తూనే చేతిలోంచి జార్చాలి, వంగి పెట్టకూడదు.

తర్వాత 30 మీటర్ల ఫైబర్ టేపుతో దూరాలు తీయండి. తొండ ఎత్తైన బండ మీద ఉంటే నేల మీది దూరం ఒక్కటే చాలదు. మూడో మూట నుంచి బండ మొదలుకు 4 మీటర్లు, తొండ కూర్చున్న ఎత్తు 3 మీటర్లు అయితే అసలు దూరం 5. నగరంలో తొండలు రెండు మీటర్ల కాంపౌండు గోడ మీద, పల్లెలో నేలబారు బండ మీద కూర్చుంటాయి కాబట్టి ఈ లెక్క వదిలేస్తే ఒక వైపు అంకెలన్నీ తగ్గిపోతాయి.

ఒకే మనిషి నడవాలి, అవే బట్టలు, అవే బూట్లు. ఇది చాదస్తం కాదు. అమెరికాలో ఒక కంచెబల్లి జాతి మీద 2017లో చేసిన పనిలో, ఆ బల్లి పొట్ట మీది నీలానికి దగ్గరగా ఉండే ముదురు నీలం చొక్కా వేసుకున్నప్పుడు అవి మనిషిని ఇంకా దగ్గరికి రానిచ్చాయి. మీది బూడిదరంగు చొక్కా అయితే చాలు. ఎరుపు, పసుపు, నారింజ మాత్రం ఈ తొండ విషయంలో అస్సలు వద్దు. తోడు వచ్చినవాళ్లు మొదటి మూట దగ్గరే ఆగిపోవాలి.

ఎక్కడ తప్పుతుంది

అందరూ తప్పేది మొదలు దూరం దగ్గర. నగరంలో గోడలు, కార్లు, పొదలు అడ్డొచ్చి తొండ ఎనిమిది మీటర్ల దాకా కనబడదు. బయలు బండ మీద పాతిక మీటర్లనుంచే కనిపిస్తుంది. ఎనిమిది మీటర్ల దగ్గర మొదలుపెడితే పలాయన దూరం ఎనిమిది దాటే వీలే లేదు. దూరంనుంచి మొదలుపెడితే అది మిమ్మల్ని ఎక్కువసేపు చూసి, ముందే లేచిపోతుంది. అంటే తొండలు ఒకేలా ఉన్నా నగరం అంకె చిన్నదిగా వస్తుంది. రెండు చోట్లా 12 నుంచి 15 మీటర్ల మధ్యే మొదలుపెట్టండి. ఆ దూరంనుంచి కనబడని తొండను లెక్కలోకి తీసుకోకండి. మీరు మొదలుపెట్టేలోపే పారిపోయినవాటిని కూడా సంఖ్యగా రాసుకోండి. పిరికివన్నీ ముందే జారిపోయి ధైర్యంగలవే మీ పట్టికలో మిగిలాయేమో తేలేది ఆ సంఖ్యతోనే.

దాని తర్వాతది ఆశ్రయం. బెంగళూరు ఖాళీ సైటును ఒకసారి దగ్గరనుంచి చూడండి. పునాదికి తోలిన సైజురాళ్ల కుప్ప, విరిగిన శ్లాబు ముక్కలు, గోడ పగుళ్లు. అక్కడ కూర్చున్న తొండకు ఏ వైపు తిరిగినా జానెడు దూరంలో సందు ఉంటుంది. పల్లె పక్క బయలు బండ మీద దగ్గరి సందు ఐదారు మీటర్లు ఉండొచ్చు. సందు దూరమైన కొద్దీ జంతువు ముందే లేస్తుంది, ఇది చాలా జాతుల్లో కనిపించే సంగతి. కాబట్టి నగరపు తొండ మిమ్మల్ని రెండు మీటర్ల దాకా రానిస్తే అది మనుషులకు అలవాటు పడి కాకపోవచ్చు, పక్కనే బొరియ ఉండి కావచ్చు. ప్రతి తొండకూ దగ్గరి సందు ఎంత దూరమో కొలిచి రాయండి. ఇంకా మంచిది, రెండు చోట్లా సందుకు అర మీటరు నుంచి 3 మీటర్ల లోపు ఉన్న తొండల్నే ఎంచుకోండి. బయలు బండలు చూడ్డానికి బాగుంటాయి, లెక్కకు పనికిరావు. పల్లెల్లో రాతికట్ట గోడలు, పొలం గట్టు మీద పోగేసిన రాళ్లు చూసుకుంటే నగరపు రాళ్ల కుప్పకు సరిజోడు.

వేడి గురించి. చేతిలో పట్టుకునే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు మీద 12:1 అని ఉంటుంది. 120 సెంటీమీటర్ల దూరంనుంచి అది 10 సెంటీమీటర్ల వెడల్పు వృత్తంలోని సగటు వేడి చూపిస్తుందని దాని అర్థం. తొండ ఒళ్లు వెడల్పు మూడు సెంటీమీటర్లు. దూరంనుంచి గురిపెడితే వచ్చేది బండ వేడి, ఎర్ర చుక్క తొండ మీదే ఉన్నా సరే. అందుకే తొండ వేడి తీస్తున్నానని మిమ్మల్ని మీరు మభ్యపెట్టుకోకండి. అది లేచిపోయాక అదే చోటుకు 30 సెంటీమీటర్ల దగ్గరకు వెళ్లి బండ వేడి తీయండి, ఎమిసివిటీ (ఉపరితలం వేడిని వెదజల్లే గుణం) 0.95 దగ్గర ఉంచండి. మీ నీడ పడకూడదు. కాస్త ఓపిక ఉంటే ఏసీ మెకానిక్కుల దగ్గర మిగిలిన 22 మిల్లీమీటర్ల రాగి గొట్టం ఓ 12 సెంటీమీటర్లు కోయించి, రెండు చివరలా మూసి, మట్టిరంగు మ్యాట్ పెయింటు వేసి, లోపల వేడి కొలిచే థర్మోకపుల్ తీగ పెట్టండి. అక్కడ కూర్చున్న తొండ ఒళ్లు ఎంత వేడెక్కుతుందో అది చాలావరకు చెబుతుంది. కావలసినవి ఎస్పీ రోడ్డులో దొరుకుతాయి.

ఇక రోజువారీ పొరపాట్లు. ఇంటికి దగ్గర కదా అని పొద్దున నగరం, బస్సెక్కి వెళ్లి మధ్యాహ్నం పల్లె చేస్తే మీ రెండు గుంపుల తేడా పొద్దు తేడాగా మారిపోతుంది. రోజు మార్చి రోజు తారుమారు చేయండి. పని గంటలు ఎనిమిదిన్నర నుంచి పదకొండు, మళ్లీ మూడున్నర నుంచి ఐదున్నర. మార్చి నడిమధ్యాహ్నం బండ కాలుతుంటే తొండలు సందుల్లోకి దూరతాయి, బయట కనబడే ఒకటీ అరా మామూలువి కావు. మబ్బు పట్టిన రోజు ఇంటికి వచ్చేయండి. ఒక తొండను కొలిచాక కనీసం 50 మీటర్లు ముందుకే జరగండి, వెనక్కి రావద్దు. మగది ఒకే బండను పట్టుకుని ఉంటుంది కాబట్టి ప్రతి బండకూ ఫొటో, జీపీఎస్ గుర్తు ఉండాలి. లేకపోతే ఒకే తొండను మూడు వారాల్లో మూడుసార్లు కొలిచి మూడు తొండలని రాస్తారు.

ఎన్ని కావాలి

ఇరవై చాలవు. మొదటి వారం పది, పన్నెండు ఊరికే కొలిచి చూడండి, వాటిని తర్వాత లెక్కలో కలపొద్దు. పలాయన దూరంలో ప్రామాణిక విచలనం (కొలతలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకె) మీకు 1.5 మీటర్లు వచ్చిందనుకుందాం. రెండు గుంపుల మధ్య ఒక మీటరు తేడాను పట్టుకునే అవకాశం 80 శాతం ఉండాలంటే గుంపుకు 2 × 7.84 × 2.25, అంటే 36 తొండలు (7.84 ఆ 80 శాతానికి గణాంకాల్లో వాడే అంకె, 2.25 అంటే 1.5 వర్గం). కానీ ఒకే సైటులోని తొండలు ఒకదానికొకటి పోలి ఉంటాయి. సైటుకు తొమ్మిది తీస్తే, వాటి మధ్య సంబంధం 0.1 అనుకున్నా, ఆ 36ను 1.8తో (1 + 8 × 0.1) గుణించాలి. గుంపుకు 65. అంటే నగరం వైపు ఏడు, పల్లె వైపు ఏడు సైట్లు, మొత్తం 130కి అటూఇటూ. రోజుకు ఎనిమిది, తొమ్మిది మంచి నడకలు కుదిరితే పదిహేను రోజుల పని. వర్షాలు, సెలవులు పోను మార్చి నెలాఖరుకు అయిపోతుంది. మీ లేఅవుట్ ఒక్కటీ, ఒక గుట్టా పెట్టి రెండు వందల తొండలు కొలిచినా ఫలితం ఒక నగరం సైటుకూ ఒక పల్లె సైటుకూ మధ్య పోలికే. పరీక్షకుడు మొదట అడిగేది అదే.

విశ్లేషణకు టీ టెస్టుతో సరిపెట్టకండి. ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో మిశ్రమ నమూనా (మిక్స్‌డ్ మోడల్) వాడండి: పలాయన దూరపు లాగరిథమ్ ఒక పక్క, నగరమా పల్లెనా, మొదలు దూరం, సందు దూరం, కూర్చున్న ఎత్తు, బండ వేడి, మగ వర్గం ఇంకో పక్క, సైటు యాదృచ్ఛిక అంశంగా. ఎంతమంది మనుషులు ఐదు నిమిషాల్లో 20 మీటర్ల లోపు వెళ్లారో లెక్కపెట్టి పెట్టుకుంటే 'నగరం', 'పల్లె' అన్న రెండు మాటలకన్నా అదే పనికొస్తుంది. కుక్కలు, పిల్లులు, కాకులు కనబడినా రాయండి.

తేడా నిజంగా వచ్చిందే అనుకోండి. అప్పుడు కూడా 'నగర తొండలు నేర్చుకున్నాయి' అని రాయకండి. పిరికివి నగరంలో నిలవక ధైర్యంగలవే మిగిలి ఉండొచ్చు, తరాల్లో మారి ఉండొచ్చు, ఒక్కొక్కటీ అలవాటు పడి ఉండొచ్చు. మీ కొలతతో ఈ మూడింటినీ వేరు చేయడం కుదరదు. ఆ దిశలో పని ఎలా ఉంటుందో చూడాలంటే బతబ్యాల్, ఠాకర్ 2019 పని చదవండి. నగర శివారు తొండల్నీ, పల్లెవాటినీ లోపలికి తెచ్చి, రెండు ఆశ్రయాల్లో క్షేమమైనది ఏదో నేర్చుకోవడం పరీక్షించారు. శివారువి త్వరగా నేర్చుకున్నాయి, తప్పులు తక్కువ చేశాయి. మదనపల్లె దగ్గర రిషివ్యాలీలో ఇదే తొండ జత కట్టే కాలం మీద జరిగిన పని కూడా చూడండి, సీజన్ వివరాలకు మీకు అదే ఆధారం.

చివరిగా ఒళ్లు జాగ్రత్త. సందు దూరం కొలిచేటప్పుడు టేపు చివర కర్రకు కట్టి చాపండి, చేయి పెట్టకండి. ఆ సందుల్లోనే రక్తపింజర, నాగుపాము కూడా ఉంటాయి. చీలమండ దాటే బూట్లు, తోడుగా ఒక మనిషి, పాముకాటు మందు ఉన్న దగ్గరి ఆసుపత్రి నంబరు ముందే ఫోనులో. తురహళ్ళి అడవి, రామనగర వైపు చీకటి పడ్డాక ఉండొద్దు, చిరుతలున్నాయి. నిలువు బండకు వేలాడే పెద్ద తేనెపట్టు కనబడితే ఆ గుట్ట వదిలేయండి, ఎన్ని తొండలున్నా సరే.

గైడుగారితో వాదన పెట్టుకోకండి. మొదటి వారం పన్నెండు కొలతలు, పై సంఖ్య లెక్క ఉన్న కాగితం ముందు పెట్టండి. పొడవు, బరువు కావాలని ఆయన పట్టుబడితే, ముందు తొండను ఒక ఫొటో తీసి, అది వెళ్లాక అది కూర్చున్న చోట స్కేలు పెట్టి, మొదట తీసిన చోటునుంచే, అదే కోణంలో, జూమ్ మార్చకుండా ఇంకో ఫొటో తీయండి. ముక్కు నుంచి తోక మొదలు దాకా పొడవు రెండు ఫొటోలు పోల్చి అంచనా వేయొచ్చు, సెంటీమీటరు అటూఇటూ. బరువు కుదరదని రాసేయండి.